పాత కారు - కొత్త పెట్రోలు

ఒక దేశపు ఆర్థిక విధానము సామాన్యుని గడప త్రొక్కునప్పుడు పెద్ద పెద్ద అంకెల రూపమున రాదు. బియ్యపు డబ్బాలోనో, నూనె గిన్నెలోనో, బండి పెట్రోలు ట్యాంకులోనో ఒక చిన్న వెలితిగా వచ్చును. 2025వ సంవత్సరమున పాత కార్లు గల మధ్యతరగతి గృహస్థులు అనేకులకు అట్టి వెలితి ట్యాంకులో కనిపించినది. అదే కారు, అదే దారి, నడుపునది అదే చేయి. కాని లీటరు పెట్రోలుకు వెనుకటివలె దూరము సాగుటలేదను మాట బంకులవద్దను, మెకానిక్కుల షెడ్లవద్దను, పాఠశాలల ఉపాధ్యాయుల గదులలోను వినవచ్చినది. ఆ మాటలో నిజమెంత, అపోహ యెంత, అందుకు బాధ్యులెవరు, పాత కారు యజమాని చేయగలిగినదేమి అను ప్రశ్నలు నిదానముగా విచారింపదగినవి.

పెట్రోలు మారిన విధము

చెరకు, నూకలు, మొక్కజొన్న మొదలగువానినుండి తయారగు ఆల్కహాలునకు ఇథనాలని పేరు. దానిని పెట్రోలులో కలుపుట ఈ దేశమునకు క్రొత్త కాదు. కాని 2014 నాటికి ఆ పాలు నూటికి ఒకటిన్నర మాత్రమే. 2018లో వెలువడిన జాతీయ జీవ ఇంధన విధానము నూటికి ఇరువది పాళ్ళు కలుపుటకు 2030ని గడువుగా పెట్టినది. 2022 జూను నాటికి పది పాళ్ళు కలుపుట నెరవేరినది. ఆ యేడే విధానమును సవరించి ఇరువది పాళ్ళ గడువును 2025-26కు ముందునకు జరిపిరి. 2023 ఫిబ్రవరి 6న బెంగుళూరులో ప్రధానమంత్రి ఇ-20 అను పేర ఆ పెట్రోలును ప్రారంభించినారు. 2025లో బంకునకు పోయి పెట్రోలు అడిగినవానికి లభించునది సాధారణముగా ఇరువది పాళ్ళ పెట్రోలే అయినది.

ఈ మార్పునకు కారణములు తేలికైనవి కావు. దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్ళకు పైగా విదేశములనుండియే రావలసియున్నది. ఎక్కడనో సముద్రపు జలసంధిలో అలజడి రేగినచో ఇక్కడ బస్సు చార్జీలు కదలును. ఇథనాలు మిశ్రమము వలన 2014-15 మొదలు 2025 జూలై వరకు 1,44,000 కోట్ల రూపాయలకు మించిన విదేశ మారకద్రవ్యము ఆదా అయినదని పెట్రోలియము మంత్రిత్వశాఖ తెలిపినది. చెరకు రైతునకు, మొక్కజొన్న రైతునకు క్రొత్త గిరాకి ఏర్పడినదనుటయు కాదనరానిది. కనుక ఈ విధానము మొత్తముగా తప్పని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. దాని భారము ఎవరిమీద, ఎంత పడినదో ఆ సంగతి చెప్పకుండుటయు అట్లే న్యాయము కాదు.

భారము మోయుచున్నవారెవరు?

ఆ భారము క్రొత్త కారు కొన్నవారిమీద అంతగా పడలేదు. 2023 ఏప్రిలు తరువాత తయారైన కార్లలో ఇరువది పాళ్ళ ఇథనాలునకు తట్టుకొను గొట్టములు, రబ్బరు భాగములు అమర్చుట ప్రారంభమైనది. అంతకు పూర్వపు కార్లకు ఆ వసతి అన్నిటికి లేదు. అట్టివానిలో ఎక్కువమంది ఎరిగిన కారు మారుతి 800.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళపుచెవిని ప్రధానమంత్రి ఇందిరాగాంధి కొన్నవారి చేతికి అందించినారు. 796 ఘన సెంటీమీటర్ల ఇంజను, మూడు సిలిండర్లు, ఇంచుమించు 650 కిలోల బరువు. ఆనాటి అంబాసిడరు ప్రక్కన నిలిపినచో అది బొమ్మవలె కనిపించెడిది. కాని పొదుపైన కారనగా ఏమో దేశమునకు నేర్పినది అదియే. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోవు నాటికి పాతిక లక్షలకు పైగా కార్లు కర్మాగారమును దాటినవి. అనగా నేడు తిరుగుచున్న మారుతి 800లలో అతి చిన్నదానికి కూడ పదేండ్లు దాటినవి. తెలుగునాట పదిహేనేండ్లు నిండిన కారునకు పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవచ్చును. అట్లు పొడిగించుకొని, రెండవ చేతిననో మూడవ చేతిననో కొన్న కారును కాపాడుకొనుచున్నవారు ధనవంతులు కారు. పల్లెబడికి పోవు ఉపాధ్యాయుడు, చిన్న దుకాణదారుడు, పింఛనుదారు, పెండ్లికి పేరంటమునకు పిల్లలను తీసికొనిపోవు గుమాస్తా, వీరే వారు. వారికి కారు హోదా కాదు. బస్సు రాని వేళకు ఒక ఆధారము.

లెక్క చెప్పుచున్నదేమి?

ఇంధనమునకు విలువ దానిలోని శక్తిని బట్టి కలుగును. లీటరు పెట్రోలు మండినచో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి వెలువడును. లీటరు ఇథనాలునకు సుమారు 21 మాత్రమే. నాలుగు పాళ్ళు పెట్రోలు, ఒక పాలు ఇథనాలు కలిపిన లీటరులో 29.8 మెగాజౌళ్ళుండును. అనగా అచ్చమైన పెట్రోలుకంటె దాదాపు ఏడు శాతము తక్కువ. పది పాళ్ళ మిశ్రమముతో పోల్చినచో తరుగు మూడున్నర శాతము. ఇది ఎవరి అభిప్రాయమును కాదు. పదవ తరగతి విద్యార్థి నల్లబల్లమీద చేసి చూపగల గుణకారము.

ఇథనాలునకు ఒక సుగుణము గలదు. దానిలో ఆక్టేను సంఖ్య అధికము. ఆ గుణమును వినియోగించుకొనుటకు సిలిండరులో ఎక్కువ ఒత్తిడి కలిగించు రీతిగా ఇంజనును రూపొందింపవలెను. క్రొత్త ఇంజనులలో అట్లు చేయవచ్చును. ఎప్పుడో పోతపోసిన పాత ఇంజను తన ఒత్తిడిని మార్చుకొనజాలదు. కనుక పాత కారునకు ఇథనాలు వలన నష్టము పూర్తిగాను, లాభము నామమాత్రముగాను అందును. నీతి ఆయోగు 2021లో ప్రకటించిన ప్రణాళికా పత్రములోనే ఈ విషయము ఒప్పుకొనబడినది. పూర్వపు పెట్రోలునకై రూపొంది, పది పాళ్ళ మిశ్రమమునకు సరిదిద్దబడిన కార్లలో ఇ-20 వాడినచో ఆరేడు శాతము మైలేజి తగ్గునని అందు అంచనా వేసినారు.

ఆరు శాతమనగా ఎంత? రోజునకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు కారులో పాఠశాలకు పోయివచ్చు ఉపాధ్యాయుని ఉదాహరణముగా తీసికొనవచ్చును. లీటరునకు 16 కిలోమీటర్లు వచ్చుచుండగా నెలకు ఇంచుమించు 47 లీటర్లు పట్టును. ఆరు శాతము తగ్గినచో 50 లీటర్లగును. మూడు లీటర్లు అదనము. హైదరాబాదులో 2025లో లీటరు 107 రూపాయల పైచిలుకు పలికినది. ఆ లెక్కను నెలకు మూడు వందల ఇరువది రూపాయలు, ఏడాదికి మూడు వేల ఎనిమిది వందలకు తక్కువ కాదు. ప్రభుత్వపు పద్దులో ఇది దుమ్ముకణము. నెల చివర లెక్క చూచుకొను ఇంటిలో ఇది ఒక పిల్లవాని పుస్తకముల ఖర్చు.

ఐనను ఇంకొక మాట చెప్పవలసియున్నది. తమ కారు మైలేజి నూటికి ఇరువది, ముప్పది పాళ్ళు పడిపోయినదని వాపోయినవారును కలరు. శక్తి లెక్క ఆ మాటను సమర్థింపదు. ఇంధనములోని తరుగు ఏడు శాతమే యైనప్పుడు తక్కినది ఎక్కడనుండి వచ్చినట్లు? చాలవరకు కారులోనుండియు, దారిలోనుండియు, నడుపు తీరులోనుండియు వచ్చియుండవలెను. గాలి తగ్గిన టైర్లు, పట్టివేసిన బ్రేకులు, అరిగిన స్పార్కుప్లగ్గులు ఏండ్ల తరబడి చేయుచున్న నష్టమంతయు ఇథనాలు పద్దులో జమ అగుచున్నది. ఏది దేని తప్పో విడదీయుటకు కొలత ఒక్కటే మార్గము.

కొలువనిదే పొదుపు లేదు

మనవారిలో చాలమంది బంకు కుర్రవానితో "ఐదువందలకు కొట్టు" అందురేకాని ఇన్ని లీటర్లని అడుగరు. ధర మారినను ఐదువందలే, దూరము మారినను ఐదువందలే. ఇట్లు కొన్నవానికి తన కారు ఎంత త్రాగుచున్నదో ఎన్నటికిని తెలియదు. తెలిసికొను పద్ధతి సులభము. ట్యాంకు నిండుగా పోయించి మీటరులోని కిలోమీటర్లు వ్రాసికొనవలెను. కొన్నాళ్ళు తిరిగిన పిమ్మట మరల నిండుగా పోయించి, ఈ సారి పట్టిన లీటర్లచేత నడుమ తిరిగిన దూరమును భాగింపవలెను. 310 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టినచో మైలేజి పదిహేనున్నర. ఒకసారి చూచిన చాలదు. నాలుగైదు ట్యాంకుల సగటు నమ్మదగినది. ఒక చిన్న నోటుబుక్కు కారులో ఉన్నచో మెకానిక్కుతో వాదింపవలసిన పనియు ఉండదు, ప్రభుత్వమును ఊరక తిట్టవలసిన పనియు ఉండదు.

కొలిచిన పిదప దిద్దుబాటు. మొదటిది టైర్లలో గాలి. నాలుగు టైర్లలోను ఒక్కొక్క పౌను గాలి తగ్గినచో మైలేజి శాతములో ఐదవ వంతు తగ్గునని అమెరికా ఇంధనశాఖ లెక్క. పది పౌనులు తగ్గినచో రెండు శాతము పోయినట్లే. పదిహేను రోజులకొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు, కారు పుస్తకములో చెప్పిన మేరకు గాలి కొట్టించుటకు ఖర్చు దాదాపు లేదు. రెండవది చక్రము స్వేచ్ఛగా తిరుగుట. బ్రేకు పట్టివేసిన చక్రము ఇంజనుతో పగలంతయు పెనుగులాడును. కొంతదూరము నడిపి ఆపి, చక్రము దగ్గర చేయి చాచినచో తక్కినవానికంటె వేడిగా నున్న చక్రమే దోషి.

మూడవది గాలి వడగట్టు ఎయిర్ ఫిల్టరు. ఇచ్చట కార్బ్యురేటరు కారునకు, 2000 ప్రాంతమునుండి వచ్చిన ఇంజెక్షను కారునకు భేదము గలదు. ఇంజెక్షను ఇంజనులో ఫిల్టరు మూసికొనిపోయినచో వేగము పుంజుకొనుట మందగించునేకాని మైలేజి మారదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ప్రకటించిన పరీక్షలలో తేలినది. వచ్చిన గాలిని బట్టి పెట్రోలును తగ్గించుకొను ఏర్పాటు దానికి గలదు. కార్బ్యురేటరునకు ఆ తెలివి లేదు. గాలి తగ్గినకొలది మిశ్రమము చిక్కనై పెట్రోలు వృథాగా మండును. కనుక పాత కారువానికి ఫిల్టరు శుభ్రత అలంకారము కాదు, ఆదాయము. చోకుమీట ఉన్న కార్లలో ఇంజను వేడెక్కిన తరువాత కూడ దానిని లాగియుంచుటయు ఇట్టి నష్టమునే కలిగించును.

కాలికి తెలియవలసిన లెక్క

కారు మంచిదైనను నడుపువాని కాలు మంచిది కానిచో ఫలము లేదు. 650 కిలోల కారు, అందులో ఇద్దరు మనుష్యులు, కొంత సామాను కలిసి 800 కిలోలనుకొన్నచో, గంటకు 60 కిలోమీటర్ల వేగమున దానికి గల చలనశక్తి సుమారు 1,11,000 జౌళ్ళు. బ్రేకు నొక్కి నిలిపినచో అంతయు వేడియై గాలిలో కలిసిపోవును. లీటరు పెట్రోలు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే చక్రములను చేరుననుకొన్నచో, మరల ఆ వేగమునకు రప్పించుటకు 14 మిల్లీలీటర్ల పెట్రోలు కావలెను. ఒక ప్రయాణములో అట్టి అనవసరపు బ్రేకులు ఇరువది వేసినచో పావులీటరు దాటి పోయినట్లే. ముందున్న ఎర్రదీపమును దూరమునుండియే చూచి కాలు సడలించువాడు ఆ పావులీటరును కాపాడుకొనును. ఇదే భౌతికశాస్త్ర పాఠములోని చలనశక్తి సూత్రము. పరీక్షకొరకు బట్టీపట్టు సూత్రము ఇంటి ఖర్చును తగ్గింపగలదని విద్యార్థులు తెలిసికొనుట మేలు.

వేగము సంగతియు అట్టిదే. గాలి కలిగించు అడ్డు వేగపు వర్గమును బట్టి పెరుగును. 60 నుండి 80కి వేగము పెంచినచో వేగము మూడవ వంతే పెరుగును. గాలి అడ్డు మాత్రము నూటికి 78 పాళ్ళు పెరుగును. అందుచేతనే గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల మితవేగమును పెట్రోలియము పొదుపు పరిశోధన సంస్థ సూచించుచు వచ్చినది. 1973 నాటి చమురు సంకటము పిమ్మట అమెరికా సైతము 1974లో దేశమంతటను గంటకు 55 మైళ్ళ పరిమితిని శాసనము చేసినది. ఇంజనును ఊరక తిరుగనిచ్చుటయు నష్టమే. ఇంత చిన్న ఇంజను కూడ గంటసేపు నిలిచి తిరిగినచో అరలీటరుకు అటునిటుగా త్రాగును. రైల్వేగేటువద్ద ఇంజను ఆపుటలో నామోషి యేమియు లేదు.

పొదుపు పేర చేయరాని పనులును కలవు. తిరుమల, శ్రీశైలము ఘాటులవంటి దిగుడుదారులలో ఇంజను ఆపియో, న్యూట్రలులో వేసియో కారును జారవిడుచుట మృత్యువును పిలుచుట. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శూన్యపు ఒత్తిడి తరిగిపోవును. గేరు లేనిచో భారమంతయు బ్రేకులమీదనే పడి అవి వేడెక్కి పట్టు వదలును. అట్లే పెట్రోలు గొట్టమునకు కట్టు అయస్కాంతములు, ట్యాంకులో వేయు గుళికలు మొదలగువానికి డబ్బు పెట్టుటయు వ్యర్థము. అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ ఇట్టి పరికరములను నూరింటికి పైగా పరీక్షించి, స్వల్పముగానైన మేలు చేయునవి బహు కొద్దియని తేల్చినది.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది మరియొకటి గలదు. మైలేజి పెంచెదమని కొందరు మెకానిక్కులు కార్బ్యురేటరులో పెట్రోలు పాలు తగ్గించి మిశ్రమమును పలుచన చేయుదురు. పూర్వము అది కొంత చెల్లెడిది. ఇథనాలులో ఆక్సిజను ఇమిడియుండుటచేత ఇ-20 వాడినంతనే కార్బ్యురేటరు మిశ్రమము తనంతట తానే పలుచనగును. దానిని ఇంకను పలుచన చేసినచో ఇంజను అతిగా వేడెక్కి వాల్వులు చెడును. లీటరునకు ఒక కిలోమీటరు కొరకు ఇంజనునే తాకట్టు పెట్టినట్లగును. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును, గాలిలోని తేమను పీల్చుకొనును. కనుక గొట్టములను, పెట్రోలు ఫిల్టరును తరచుగా చూపించుకొనుట, పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉంచకుండుట అవసరము.

రెండు ధర్మములు

ఈ జాగ్రత్తలన్నియు పాటించినచో ఎంత మిగులును? ఒక్కొక్కదాని ఫలమును ఊరక కూడరాదు. ఒకదానిలో మరియొకటి కలిసియుండును. కాని నిర్లక్ష్యముగా నడుపబడుచుండిన కారును ఇట్లు దిద్దుకొన్నచో ఇథనాలు తీసికొనిపోయిన ఆరేడు శాతము తిరిగి చేతికి వచ్చుట అసాధ్యము కాదు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు.

ఇచ్చటనే ఒక చిక్కు గలదు. యజమాని కష్టపడి మిగిల్చినది యజమానిది కావలెను. అతడు టైర్లలో గాలి చూచుకొని, కాలిని అదుపులో పెట్టుకొని సంపాదించిన పొదుపు, చెప్పకుండ పలుచనైన ఇంధనపు లోటు పూడ్చుటకే సరిపోయినచో, దానిని పొదుపనుటకంటె పన్ను అనుట సమంజసము. మొదటినుండి జాగ్రత్తగా నడుపుచున్నవాని గతి ఇంకను కష్టము. అతనికి దిద్దుకొనుటకు తప్పు మిగులలేదు. నష్టము మాత్రము మిగిలినది.

2021 నాటి నీతి ఆయోగు పత్రము ఈ చిక్కును ముందుగానే ఊహించినది. పాత వాహనముల రక్షణకై పది పాళ్ళ పెట్రోలును ఎడతెగక లభింపజేయవలెనని అందు సూచించినారు. మిశ్రమములో శక్తి తగ్గుచున్నందున దాని ధరయు సాధారణ పెట్రోలుకంటె తక్కువగా ఉండవలెనని తెలిపినారు. ఆచరణలో రెండును జరుగలేదు. 2025 ఆగస్టులో మంత్రిత్వశాఖ, మైలేజి తగ్గుదల స్వల్పమనియు, పాత వాహనములలో ఇరువది ముప్పదివేల కిలోమీటర్ల పిదప కొన్ని రబ్బరు భాగములు మార్చవలసి రావచ్చుననియు వివరణ ఇచ్చినది. కొనుగోలులో ఇథనాలు లీటరునకు 71 రూపాయలు దాటి, శుద్ధిచేసిన పెట్రోలుకంటె ప్రియమైనందున ధర తగ్గింపు సాధ్యపడలేదనియు చెప్పినది. ఇథనాలు లేని పెట్రోలు కూడ అందుబాటులో ఉంచవలెనని కోరిన వ్యాజ్యమును 2025 సెప్టెంబరు 1న సుప్రీము కోర్టు త్రోసిపుచ్చినది.

న్యాయస్థానమున వ్యాజ్యము ముగిసినను న్యాయవిచారము ముగియలేదు. కుండలో కూడు కుండలోనే ఉండవలెను, బిడ్డ దుడ్డువలె ఉండవలెనన్న సామెతవలె, విదేశ ద్రవ్యము మిగులవలెను, రైతు బాగుపడవలెను, ఎవరికిని నష్టము కలుగలేదనవలెనన్నచో కుదురదు. దేశమునకు మేలైన పనికి కొందరు భారము మోయవలసివచ్చిన, ఆ భారమును పేరుపెట్టి చెప్పుట కనీస ధర్మము. బంకులో ఇంధనపు మిశ్రమమును, దానివలన పాత బండికి కలుగు తరుగును తెలుగులో స్పష్టముగా వ్రాసి పెట్టుటకు కోట్లు అక్కరలేదు. మారుతి 800వంటి కార్లను నమూనాగా తీసికొని, ఏ తరము కారునకు ఎంత తరుగో పరీక్షించి ఫలితములు ప్రకటించుటయు ప్రభుత్వ సంస్థలకు మించిన పని కాదు. పాత వాహనములు రోడ్లమీద ఉన్నంతకాలము జిల్లాకు కొన్ని బంకులలోనైన పది పాళ్ళ పెట్రోలును ఉంచుట అప్పటి పత్రము చేసిన వాగ్దానమునకు దగ్గరైన పని.

పొదుపుగా నడుపుట యజమాని ధర్మము. కొలిచి, చెప్పి అమ్ముట పాలకుల ధర్మము. మొదటి ధర్మమును పాటించువారు నోటుబుక్కులో లెక్క వ్రాసికొని సిద్ధముగా ఉన్ననాడు రెండవ ధర్మమును అడుగుటకు వారికి అధికారము కలుగును. ఊరక వాపోవువాని మాటను పాలకులు పెడచెవిని పెట్టవచ్చును. లీటర్లు, కిలోమీటర్లు, తేదీలతో వచ్చినవాని మాటను పెడచెవిని పెట్టుట అంత సులభము కాదు.